‘డి’ ఉన్నచోట ‘ఏ’ పెట్టు

శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ కింద నడిచే డిగ్రీ కాలేజీ ఏదైనా కానీండి, తిరుపతిదైనా, పుత్తూరుదైనా, పలమనేరుదైనా, బి.ఎస్సీ. లెక్కల క్లాసులో ఏటా వినపడే మాట ఒకటుంది: “డి ఉన్నచోట ఏ పెట్టండి, అంతే, లెక్క అయిపాయ.” అవకలన సమీకరణాల పాఠం అది. అరపేజీ నడవాల్సిన లెక్క రెండు లైన్లలో తేలిపోతుంది. “ఎందుకట్లా సార్?” అని అడిగే పిల్ల ప్రతి బ్యాచ్‌లోనూ ఒకతి ఉంటుంది. “ముందు చెయ్యడం రానీమ్మా, ఎందుకో తర్వాత తెలుస్తాది” అని జవాబు. సారు తప్పించుకున్నాడని పిల్లలు అనుకుంటారు. మొత్తం సిలబస్‌ను వరసగా ముందు పరుచుకుని చదివితే నాకు వేరేలా తోచింది. ఆ ‘తర్వాత’ నిజంగానే ఉంది. అది ఏ పేపర్లో, ఏ యూనిట్లో వస్తుందో వేలుపెట్టి చూపించవచ్చు. ఈ కోర్సు కూర్చినవాళ్ల పనితనం చాలావరకు ఆ ఎడంలోనే దాగి ఉంది.

నేను చెబుతున్నది ఎంపీసీఎస్ గురించి. 2023–24లో కూర్పు మారేదాకా మ్యాథ్స్, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్ మూడూ సమానంగా చదివిన మూడేళ్ల బి.ఎస్సీ. ఇంటర్‌లో ఎంపీసీ చేసి, ఇంజనీరింగ్‌కు పోలేకనో, పోవడం ఇష్టంలేకనో ఇటు వచ్చినవాళ్లు చదివేది. ఐఐటీ, ఐసర్ రెండూ 2015లో తిరుపతిలో మొదలయ్యాక ఊళ్లో చదువుల మాట వస్తే వాటి పేర్లే వస్తాయి. పొద్దున్నే నగరి బస్సో పీలేరు బస్సో పట్టుకుని కాలేజీకి వచ్చే ఈ పిల్లల సిలబస్‌ను విప్పి చూసేవాళ్లు తక్కువ. విప్పి చూడాల్సిన వస్తువే అది.

రాష్ట్ర ఉన్నత విద్యామండలి 2020–21లో తెచ్చిన రూపాన్ని తీసుకుందాం. లెక్కల్లో ఐదు ప్రధాన పేపర్లు. మొదటి సెమిస్టర్‌లో అవకలన సమీకరణాలు. రెండో దాంట్లో త్రిపరిమాణ రేఖాగణితం, పిల్లల నోట్లో ‘సాలిడ్’. మూడో దాంట్లో అమూర్త బీజగణితం. నాలుగో దాంట్లో రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా రెండూ. పేపరుకు ఐదు యూనిట్లు, యూనిట్‌కు 12 గంటల పాఠం. అదే పిల్లలు వరండా దాటి కంప్యూటర్ ల్యాబుకు పోతే అక్కడ సి లాంగ్వేజీ, డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, ఆ తర్వాత జావా, ఆపరేటింగ్ సిస్టమ్స్. రెండు గదులకూ సంబంధం ఉన్నట్టు పైకి కనబడదు.

ముందు ఆ ‘డి’ సంగతి. డి సంఖ్య కాదు. కుడిపక్కన ఏముంటే దాన్ని అవకలనం చెయ్యమనే ఆజ్ఞ. అయినా పాఠం దాన్ని సంఖ్యలాగే చూడమంటుంది. ‘డి స్క్వేర్ మైనస్ 5డి ప్లస్ 6’ కనబడగానే బడిపిల్లవాడిలా ‘డి మైనస్ 2’, ‘డి మైనస్ 3’ అని కారణాంకాలు విడగొట్టమంటుంది. కుడివైపు ‘ఈ పవర్ 5ఎక్స్’ ఉంటే డి తీసి 5 పెట్టాలి. 25లోంచి 25 పోయి 6 కలిస్తే 6. కాబట్టి ‘ఈ పవర్ 5ఎక్స్’ను 6తో భాగిస్తే ఒక సాధన చేతికొచ్చినట్టే. ఆజ్ఞను అంకెలా విడగొట్టే ఈ తెగువ జార్జ్ బూల్ 1859లో అవకలన సమీకరణాల మీద వేసిన పుస్తకంలో ఉంది. తర్వాత ఆలివర్ హెవిసైడ్ టెలిగ్రాఫ్ తీగల లెక్కల్లో దాన్ని జంకు లేకుండా వాడాడు. రుజువు ఏదని ఇంగ్లండ్ గణితజ్ఞులు సణిగారు. అంటే మన క్లాసులో “ఎందుకట్లా సార్” అన్న పిల్ల చాలా పెద్దమనుషుల సరసన ఉంది.

ఇక్కడ యూనిట్ల వరస చూడాలి. డి పక్కన గుణకాలు స్థిరసంఖ్యలైనంతవరకే ఈ ఆట సాగుతుంది. 5తో గుణించి అవకలనం చేసినా, అవకలనం చేసి 5తో గుణించినా ఒకటే. 5 స్థానంలో ఎక్స్ వస్తే ఒకటి కాదు, లెక్క చెడుతుంది. అందుకని మూడు, నాలుగు యూనిట్ల నిండా స్థిరగుణకాలే. ఎక్స్ గుణకంగా ఉండే కోషీ–ఆయిలర్ సమీకరణం ఐదో యూనిట్ దాకా రాదు. వచ్చేటప్పుడు ఎక్స్‌ను ‘ఈ పవర్ జెడ్’గా మార్చే ఉపాయాన్ని వెంటబెట్టుకుని వస్తుంది. ఆ మార్పుతో ఎక్స్‌లు రాలిపోయి గుణకాలు మళ్లీ స్థిరసంఖ్యలవుతాయి, పాత ఆట మళ్లీ మొదలవుతుంది. సూత్రం ఎక్కడ విరుగుతుందో ఆ చోటును చివరిదాకా ఆపి, విరిగేచోటే మందు కూడా పెట్టారు. 48 గంటల పాఠం అయ్యాక గాని పిల్లలకు ఆ గండం ఎదురుకాదు.

ఇంకో చిన్న గండం మాత్రం ముందే ఉంది. కుడివైపు ‘ఈ పవర్ 2ఎక్స్’ వస్తే 4లోంచి 10 పోయి 6 కలిసి సున్నా అవుతుంది. సున్నాతో భాగించలేం. దీన్ని క్లాసులో ‘ఫెయిల్యూర్ కేస్’ అంటారు. పైన ఒక ఎక్స్ తగిలించి, కిందిదాన్ని డి పరంగా అవకలనం చేసి, అప్పుడు 2 పెట్టమంటారు. కింద మైనస్ 1 వస్తుంది, లెక్క గట్టెక్కుతుంది. ఫిజిక్స్ సారు పక్క పీరియడ్‌లో అనునాదం అని చెప్పేది దీన్నే: బయటి ఊపు వస్తువు సొంత ఊపుతో కలిసినప్పుడు కదలిక ఆగకుండా పెరుగుతూ పోతుంది, ఆ పెరుగుదలే ఈ తగిలించిన ఎక్స్. ఎంపీసీఎస్‌లో ‘పి’ ఉన్నది ఊరికే కాదు.

అసలు జవాబు నాలుగో సెమిస్టర్ లీనియర్ ఆల్జీబ్రాలో, నాలుగో యూనిట్లో వస్తుంది. లాక్షణిక విలువలు అక్కడి పాఠం. ఒక మాత్రిక కొన్ని సదిశలను పక్కకు తిప్పకుండా ఒక సంఖ్యతో గుణించి వదిలేస్తుంది. ఆ సంఖ్య లాక్షణిక విలువ, ఆ సదిశ లాక్షణిక సదిశ. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ‘ఈ పవర్ ఏఎక్స్’ను అవకలనం చేస్తే ‘ఏ’ రెట్లు అదే వస్తుంది. డి అనే క్రియకు అది లాక్షణిక సదిశ. దాని ముందు డి అన్నా ఏ అన్నా ఒకటే. రుజువు ఆ ఒక్క ముక్కే. రెండో వరస సమీకరణానికి సాధనలో స్థిరాంకాలు సరిగ్గా రెండే ఎందుకు, మూడు ఎందుకు ఉండవు అన్నదానికీ అదే పేపర్లో జవాబుంది. కుడివైపు సున్నా ఉన్నప్పుడు సాధనలన్నీ కలిసి ఒక సదిశాంతరాళం, దాని పరిమాణం 2.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్లు గుడ్డను ముందు కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. తర్వాత ఎరుపు రావాల్సినచోట కలంతో పటికనీళ్లు రాస్తారు. రాసిన గంటకు చూసినా అక్కడ చెప్పుకోదగ్గ రంగేమీ ఉండదు. గుడ్డను రంగునీళ్లలో ఉడికించినప్పుడు పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది, తక్కిన చోట జారిపోతుంది. మొదటి సెమిస్టర్‌లో ‘డి ఉన్నచోట ఏ’ ఆ పటికపూత. వందలకొద్దీ లెక్కలు చేసి చెయ్యి అలవాటుపడ్డ పిల్లకు లాక్షణిక విలువలు కొత్తగా కనబడవు. అలవాటు లేకుండా నేరుగా ఆ నిర్వచనం ముందు కూర్చోబెడితే అది మూడు లైన్ల అక్షరాలే. తెలుగులో లెక్కలు చెప్పే పద్ధతి మొదటినుంచీ ఇదే. 11వ శతాబ్దంలో మహావీరాచార్యుడి గణితాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చినప్పుడూ ముందు చేసే రీతి, దాని మీద లెక్క. ‘ఎందుకు’ అన్నది గురువు దగ్గర వేరే సంగతి.

ఇక ల్యాబుకు పోదాం. మొదటి సెమిస్టర్‌లోనే సి లాంగ్వేజీలో ప్రతివాళ్లూ రాసే ప్రోగ్రామ్ ఫిబొనాచీ శ్రేణి. వెనకటి రెండు అంకెలు కూడితే తర్వాతి అంకె. మన ఛందస్సు చదివినవాళ్లకు ఇది పాత లెక్కే. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. మూడు మాత్రలను మూడు రకాలుగా, నాలుగు మాత్రలను ఐదు రకాలుగా, ఐదింటిని ఎనిమిది రకాలుగా పేర్చవచ్చు. విరహాంకుడు, 12వ శతాబ్దంలో హేమచంద్రుడు ఈ లెక్క కట్టారు. ల్యాబులో దీన్ని రికర్షన్‌తో, అంటే ఫంక్షన్ తనను తానే పిలుచుకునేలా రాయమంటారు, మూడు లైన్ల ఫంక్షన్. 40వ పదం అడిగితే కంప్యూటర్ ఉన్నట్టుండి నెమ్మదిస్తుంది. ఆ ఒక్క అంకె కోసం ఫంక్షన్ 20 కోట్ల 46 లక్షల 68 వేల 309 సార్లు నడుస్తుంది. అదే పనికి ఫర్ లూప్‌లో 38 కూడికలు చాలు. ఈ పేలుడు ఏ వంతున పెరుగుతుంది? వరండా అవతలి గదిలో బోర్డు మీద ఉంది జవాబు. పదానికి పదం గుణించుకుంటూ పోయే సాధన ఉందనుకుంటే ‘ఎం స్క్వేర్ ఈక్వల్ టు ఎం ప్లస్ 1’ వస్తుంది. అవకలన సమీకరణాల్లో రోజూ రాసే సహాయక సమీకరణం తీరే ఇది. దాని ధన మూలం దాదాపు 1.618. ఫిబొనాచీ అంకెలూ ఆ వంతునే పెరుగుతాయి, ఫంక్షన్ పిలుపులూ ఆ వంతునే పెరుగుతాయి. ఒకే సెమిస్టర్‌లో రెండు గదుల్లో ఒకే సమీకరణం. దీన్ని ఎవరూ కావాలని అమర్చి ఉండరని నా అనుమానం. అమరింది మాత్రం బ్రహ్మాండంగా.

సాలిడ్ గురించి రెండు మాటలే. టీటీడీ 1945లో పెట్టిన ఎస్వీ ఆర్ట్స్ కాలేజీ, 1915 నాటి మదనపల్లె బిసెంట్ థియొసాఫికల్ కాలేజీ, ఇవి 1954లో ఎస్వీయూ పుట్టకముందు మద్రాసు యూనివర్సిటీ నీడన ఉండేవి. గోళాలు, శంకువుల మీద ఒక పేపరంతా ఖర్చుపెట్టడం ఆ పాత ఒరవడి. ఈ రోజుల్లో ఇదెందుకన్న విసుగు పిల్లల్లో ఉంది, దాంట్లో కొంత న్యాయమూ ఉంది. అయినా అందులో ఒక లెక్క అందం చూసి తీరాలి. ఒక గోళం, ఒక తలం ఖండించుకుంటే వృత్తం వస్తుంది. ఆ వృత్తం గుండా, ఇంకో బిందువు గుండా పోయే గోళం కావాలి. మామూలుగా గోళానికి నాలుగు తెలియని రాశులు. కానీ గోళం ‘ఎస్’, తలం ‘యు’ అయితే కావాల్సింది ‘ఎస్ ప్లస్ లామ్డా యు’, తెలియనిది ఒక్క లామ్డా. బిందువును ఎస్‌లో పెడితే 5, యులో పెడితే 15 వచ్చిందనుకోండి, లామ్డా మైనస్ మూడో వంతు. పని అయిపోయింది. నాలుగు సమీకరణాలు సాధించాల్సినచోట ఒక భాగహారం. సరళరేఖ గోళాన్ని ఎక్కడ తాకుతుందన్న వర్గసమీకరణం కూడా ఈ పేపర్లోదే. సెల్‌ఫోన్ గేముల్లో కాంతిరేఖ బంతిని తాకే చోటు లెక్కగట్టేది దానితోనే.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన అతుకు ఫ్యాక్టోరియల్ దగ్గరుంది. టర్బో సి అనే కంపైలర్ నీలం తెర ఏళ్లతరబడి మన ల్యాబులను ఏలింది. అందులో ‘ఇంట్’ అంటే 16 బిట్లు, 32,767 దాటితే పట్టదు. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రామ్ రాసి 7 ఇస్తే 5040, బాగుంది. 8 ఇస్తే మైనస్ 25,216. ధన సంఖ్యలు గుణిస్తూ పోతే రుణ సంఖ్య! “లాంగ్ ఇంట్ పెట్టమ్మా, సరిపోతాది” అని ల్యాబులో సర్దుతారు. నిజమే, సరిపోతుంది. కానీ ఆ మైనస్ 25,216 చెత్త కాదు. 8 ఫ్యాక్టోరియల్ 40,320, దాంట్లోంచి 65,536 తీస్తే వచ్చేది సరిగ్గా అదే. యంత్రం తప్పు చెయ్యలేదు. దానికి 65,536 అంటే సున్నా. పూర్ణాంకాలన్నిటినీ 65,536తో భాగిస్తే మిగిలే శేషాన్నిబట్టి 65,536 సహసమితులుగా విభజించి, ఒక్కో దానికి ఒక్క ప్రతినిధిని పెట్టుకుని లెక్కలు చేస్తోంది.

సహసమితి మూడో సెమిస్టర్ అమూర్త బీజగణితం రెండో యూనిట్లో వస్తుంది. లెగ్రాంజ్ సిద్ధాంతం అక్కడిదే. పరిమిత సమూహంలో ఉపసమూహం పరిమాణం పెద్దదాని పరిమాణాన్ని నిశ్శేషంగా భాగిస్తుంది. రుజువులో ఒక్క లెక్కా ఉండదు. సహసమితులన్నీ ఒకే పరిమాణంలో ఉంటాయి, రెండు సహసమితులు ఒకటైనా కావాలి లేదా ఒకదాన్నొకటి అంటుకోకుండా ఉండాలి, అన్నీ కలిస్తే సమూహం నిండిపోతుంది. అంతే. గడియారం ముఖం మీద 12, 4, 8 ఒక గుంపు. 1, 5, 9 ఇంకోటి, 2, 6, 10 ఇంకోటి, 3, 7, 11 ఇంకోటి. మూడేసి నాలుగు. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్‌ను ఆన్‌లైన్‌లో తీసేటప్పుడు మన వివరాలు దారిలో ఎవరికీ చిక్కకుండా కాపాడే సంకేతలిపి ఇలాంటి పరిమిత సమూహాల మీదే నిలబడింది.

ఐదో యూనిట్ వలయాలు. అక్కడ శూన్య భాజకాలు అని ఒక నిర్వచనం: రెండూ సున్నా కాకపోయినా లబ్ధం సున్నా అయ్యే జంట. ఇదేం విడ్డూరమని పిల్లలు నోట్సులో రాసుకుని ఊరుకుంటారు. అదే టర్బో సి ప్రోగ్రామ్‌కు 17 ఇచ్చి చూడండి. మైనస్ 32,768 వస్తుంది. 18 ఇవ్వండి. సున్నా. 17 దగ్గర సున్నా లేదు, 18 సున్నా కాదు, గుణిస్తే సున్నా. కారణం సులువు. 18 ఫ్యాక్టోరియల్‌లో రెండ్లు సరిగ్గా పదహారు ఉన్నాయి, 65,536 అంటే పదహారు రెండ్ల లబ్ధం. అక్కడినుంచి ఎంత పెద్ద అంకె ఇచ్చినా సున్నా తప్ప ఇంకేమీ రాదు. ఇప్పటి 32 బిట్ల కంపైలర్‌లోనైతే ఈ తమాషా మామూలుగా 34 దగ్గర కనబడుతుంది. మొదటి ఏడాది పిల్లలు దీన్ని తప్పనుకుని తుడిచేస్తారు. రెండో ఏడాది పాఠంలో దానికి పేరుంది. ల్యాబులో వచ్చిన ఆ సున్నాను దాచిపెట్టి, రెండో ఏడాది వలయాల పాఠం రోజు బోర్డు మీద రాసే సారు దొరికితే ఆ బ్యాచ్ అదృష్టవంతులు.

రియల్ అనాలిసిస్‌ను పిల్లలు భయంగా చూస్తారు. అప్పటిదాకా చెయ్యమన్నవాళ్లు ఒక్కసారిగా ‘నిరూపించు’ అంటారు మరి. బార్టల్, షెర్బర్ట్‌ల పుస్తకం దారి చూపిస్తుంది గాని, ఎంత చిన్నదైనా కావచ్చనే ఎప్సిలాన్ ముందు చెయ్యి వణకడం మామూలే. ఇక్కడ యంత్రం పాఠానికి ఎదురు నిలుస్తుంది. 1 ప్లస్ 1 బై 2 ప్లస్ 1 బై 3 అనుకుంటూ పోతే మొత్తానికి హద్దు లేదని రెండో యూనిట్ చెబుతుంది. పదాలను గుంపులు కట్టి ప్రతి గుంపూ కనీసం అర అవుతుందని చూపించే రుజువు 14వ శతాబ్దపు ఒరెమ్‌ది, ఇప్పటికీ వన్నె తగ్గలేదు. అదే మొత్తాన్ని సిలో ‘ఫ్లోట్’లో కూడుకుంటూ పోతే 20,97,152వ పదం దగ్గర ఆగిపోతుంది. 15.40 దాకా వచ్చి ఇక ఒక్క పిసరు కదలదు. కొత్తగా కలిపే పదం మరీ చిన్నదై, ఉన్న మొత్తం చివరి బిట్‌ను కూడా మార్చలేకపోతుంది. అన్ని పదాలకు అసలు మొత్తం 15.13 మాత్రమే. అంటే ఆగిన చోటు కూడా తప్పే, గుండ్రం చెయ్యడంలో దొర్లిన పొరపాట్లు పోగుపడి అంత ఎక్కువ చూపించింది. యంత్రం అభిసరిస్తుందంటుంది, రుజువు కాదంటుంది. ఎప్సిలాన్ ఎందుకు కావాలో నాకు తెలిసి ఇంతకన్నా సూటిగా చెప్పే పాఠం లేదు. పది లైన్ల ప్రోగ్రామ్ అది.

ఇంత బాగా అమరిన కోర్సులో పిల్లలు ఈ అతుకులు ఎందుకు చూడరంటే, పరీక్ష ఒక్కో పేపర్‌ను విడివిడిగా అడుగుతుంది. 75 మార్కులు బయట, 25 లోపల. యూనిట్‌కు ఒక పెద్ద ప్రశ్న, ‘ఇంపార్టెంట్లు’ నాలుగు, గైడు ఒకటి. సెమిస్టర్ అయిపోగానే ఆ పేపరు అటకెక్కుతుంది. లెక్కల సారు ల్యాబుకు పోడు, కంప్యూటర్ మేడం లెక్కల క్లాసుకు రాదు. కూర్పు ఎంత గట్టిదైనా దాన్ని మొత్తంగా చూసే అవకాశం పిల్లలకు చిక్కదు.

2023–24లో కూర్పే మారింది. మూడు సబ్జెక్టుల జోడీ పోయి ఒక మేజర్, దానికో మైనర్ వచ్చాయి. లెక్కలు మేజర్‌గా, కంప్యూటర్ మైనర్‌గా తీసుకున్నవాళ్లకు పాత కలయికలో కొంత మిగులుతుంది. తక్కినవాళ్లకు ఫిబొనాచీ ఒక గదిలో, సహాయక సమీకరణం ఇంకో గదిలో ఉండటం కాదు, అసలు రెండో గదే లేదు. నా దృష్టిలో అది నష్టమే. రాబడి కూడా ఉంది. అవకలన సమీకరణాలకు, సాలిడ్‌కు పేరులోనే ‘ప్రాబ్లమ్ సాల్వింగ్ సెషన్స్’ చేర్చారు. ఇదివరకు ఐదో సెమిస్టర్‌లో ఎంచుకునే పేపర్లలో ఉండే న్యూమరికల్ మెథడ్స్ ఈ మార్పుతో మేజర్‌లో, మూడో సెమిస్టర్‌లోకి వచ్చింది. రూట్ 2 కావాలంటే 1తో మొదలుపెట్టి న్యూటన్–రాఫ్సన్ పద్ధతిలో 1.5, 1.4167, 1.4142 అని మూడు అడుగుల్లో నాలుగు దశాంశాలు పట్టేస్తారు. ఆ అంకెలు దేనికి దగ్గరవుతున్నాయో, దగ్గరవడం అంటే ఏమిటో చెప్పే రియల్ అనాలిసిస్‌ను మాత్రం నాలుగో సెమిస్టర్‌లోనే ఉంచారు.